అదుపులో ఉంది

తిరుత్తణి,
7 జూన్ 2025

మహేంద్రకు,

ఫోన్ చేయద్దన్నావు. అందుకని ఉత్తరం. ఆ మాట నువ్వన్నది మీ అక్క పదకొండో రోజున, విస్తళ్ళు వేసేటప్పుడు. ఏడున్నర నెలలైంది. నేను చేయలేదు.

పని ఉండి రాస్తున్నాను.

మీ అక్క ఫోన్ ఇంకా ఇంట్లోనే ఉంది. వంటింట్లో బియ్యం డబ్బా మూత మీద, ఆమె పెట్టుకునే చోటే. చార్జి నేను పెడతాను. ప్రతి నెలా ఐదో తేదీ పొద్దున పదకొండు గంటలకు దానికి ఒక మెసేజి వస్తుంది. ఉండేది తమిళంలో. నీకు తెలుగులో రాస్తున్నాను.

"తులసమ్మ గారూ, ఈ నెల మీ రక్తపోటు 128/82. అదుపులో ఉంది. మాత్రలు మానకండి."

ఇళ్ళకు ట్యాబు పట్టుకుని వచ్చి, బీపీ చూసి అందులో ఎక్కించుకుని పోతారే, ఆ ఇంటింటి ఆరోగ్య పథకం వాళ్ళది. ఆమె పోయింది అక్టోబరులో. నవంబరులో వచ్చింది. డిసెంబరులో వచ్చింది. మొన్నటిది ఎనిమిదోది.

ఆ ఫోన్ మోగదు, వణుకుతుంది. డబ్బా మూత రేకుది కాబట్టి టకటకమంటుంది. వంటింట్లోంచి ఆమె మూత తట్టి పిలిచినట్టే ఉంటుంది. మొన్న నేను ముందుగదిలో నుంచి "వస్తా ఉండా" అన్నాను. అన్నాక తెలిసింది.

నువ్వు శాసనసభ సెక్రటేరియట్‌లో కమిటీల విభాగంలో ఉన్నావు. ఆ పథకం ఖర్చును మీ కమిటీ పరిశీలిస్తోందని పేపర్లో చూసినాను. ఈ మెసేజి ఆపాలంటే ఎవరికి రాయాలో చెప్పు. చాలు.

జయరామ

*

తిరువళ్ళూరు,
15 జూన్

బావకు,

నీ ఉత్తరం రెండు రోజులు తెరవలేదు. తెరిచినాక చదవడానికి ఒక పూట పట్టింది. బళ్ళో నాది తమిళం. ఈ తెలుగు అక్షరాలు అక్క నేర్పినవి, నూలు కండెలు చుట్టుకుంటా, గచ్చు మీద సుద్దముక్కతో. నా రాతలో తప్పులుంటే ఆమె మీద వేసెయ్.

నేను నీకు రాయకూడని సంగతి ఒకటి రాస్తున్నాను.

మూడేళ్ళుగా ఆ పథకం డిజిటల్ పనికి పోసిన డబ్బుకు జనానికి ఏం ఒరిగిందని కమిటీ అడుగుతా ఉంది. సాఫ్ట్‌వేర్ నడిపేది ఒక ప్రైవేటు కంపెనీ. జాబితాలో ఉన్న ఒక్కో పేరుకు నెలకింత అని వాళ్ళకు ముడుతుంది. పేరు తీసేస్తే ఆగిపోతుంది. మచ్చుకు కొన్ని రికార్డులు తెప్పించినాము. అరవై రెండింటిలో నెలల తరబడి ఒకటే సంఖ్య. పేర్లుండవు, కార్డు నంబర్లు మాత్రం. వాటిని వరుసగా పేర్చింది నేనే. ముప్పై ఒకటో వరుస: తిరుత్తణి, ఆడ మనిషి, యాభై ఎనిమిదేండ్లు, కార్డు చివర 4417. పోయిన ఏడాది మార్చి నుంచి పదిహేను నెలలు 128/82.

అది టైపు చేసిన రోజు నాకేమీ అనిపించలేదు. టీ తాగి వచ్చి ముప్పై రెండో వరుస టైపు చేసినాను. నీ ఉత్తరంలో ఆ సంఖ్య చూసినాక ఆ వరుస మళ్ళీ తీసి చూసినాను. అక్క కార్డు తీసి చివరి నాలుగు అంకెలు రాయి.

పదకొండో రోజు నేను నిన్ను అడిగింది ఒకటే మాట. "బావా, బీపీ చూస్తా ఉండారా?" అని. "నెల నెలా చూసినారు" అన్నావు. నా మనసు ఒప్పలేదు. అందుకే నలుగురిలో గొంతు లేచింది. ఇప్పుడు తెలిసింది. అబద్ధం నీది కాదు, ఆ వాలంటీరు కలైవాణిది. ఇంట్లో కూర్చుని సంఖ్యలు వేసుకునింది. నిన్ను అనవసరంగా మాటలన్నాను.

ఆగస్టులో కమిటీ తిరువళ్ళూరు వస్తుంది. కలెక్టరాఫీసులో జనం చెప్పేదీ వింటారు. నువ్వు రావాల. "ఆమె మా ఇంటికి రాలేదు" అని చెప్పాల. అంతే.

మహేంద్ర

*

తిరుత్తణి,
6 జూలై

చిరంజీవి మహేంద్రకు,

కార్డు చివర 4417. అది మీ అక్కే.

నిన్న తొమ్మిదో మెసేజి వచ్చింది.

కలైవాణి నాలుగు రోజుల కింద ఇంటికి వచ్చింది. వాళ్ళ ఊరు కనకమ్మ సత్రం నుంచి బస్సులో. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నాను.

"వేణాం సార్, ఇక్కడే చెప్తా. జిల్లా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. అన్ని నెలలు ఒకటే బీపీ ఎట్లా అని. రాయికి ఉంటాదేమో గానీ మనిషికి ఉంటాదా అని అందరి ముందరా నవ్వినారు సార్."

నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను.

"అక్క ఉంటే నన్నిట్లా వాకిట్లో నిలబడనిచ్చునా? 'ఏమే, ముందు మజ్జిగ తాగు, తర్వాత నా చెయ్యి పిసుకుదువు' అనేది."

మజ్జిగ కలిపి ఇచ్చినాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఇంత ఉప్పా! సార్, ఫస్టు మీకు చూడాల బీపీ" అనింది. నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చింది. ముగ్గురు పిల్లలట. చిన్నదానికి ఈ ఏడే బడి.

"కమిటీ దగ్గరికి మిమ్మల్ని పిలిచినారంట. ఏం చెప్తారు సార్?"

"ఉన్నదే చెప్తాను."

"ఉన్నదంటే?"

నేను ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయినాను. తిరిగి వచ్చేసరికి ఆమె వీధి మలుపులో ఉంది.

మీ అక్క పేరు తీసేయడానికి తాను ప్రయత్నం చేసినానని, ఏదో ఓటీపీ అడ్డం వచ్చిందని కూడా చెప్పింది. నాకు అంతగా అర్థం కాలేదు.

నేను వస్తాను.

జయరామ

*

తిరువళ్ళూరు,
20 జూలై

బావకు,

వస్తానన్నావు. సంతోషం.

కంపెనీ నుంచి 4417 చరిత్ర మొత్తం తెప్పించినాము. ఏ రోజు, ఏ చోటు నుంచి, ఎవరు ఏం నొక్కినారో అంతా ఉంటుంది. అది చదివినాక నాకు నిద్ర పట్టలేదు. నాలుగు సంగతులు.

పోయిన ఏడాది మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఆ సంఖ్య ఎక్కింది తిరుత్తణి నుంచి కాదు, కనకమ్మ సత్రం నుంచి. ఏడు నెలలు. ఆమె మీ ఇంటికి రాలేదన్నది రుజువైంది.

అక్టోబరు నుంచి ఎవరూ ఏమీ ఎక్కించలేదు. ఖాళీగా వదిలితే ఆ యంత్రం పాత సంఖ్యనే తర్వాతి నెలకు మోసుకొస్తుంది. అట్లా తయారు చేసినారు. పేరు నిలిచి ఉంటే కదా కంపెనీకి బిల్లు.

మనిషి చనిపోతే పేరు తీసేయాలంటే ఓటీపీ కావాల. అది ఆ చనిపోయిన మనిషి ఫోన్‌కే వస్తుంది. ఇది చదివి మా పైఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కడపటిది. కలైవాణి నాలుగుసార్లు ఆ బొత్తాం నొక్కింది. నవంబరు 2, డిసెంబరు 9, ఫిబ్రవరి 3, ఏప్రిల్ 21. నాలుగుసార్లూ అక్క ఫోన్‌కు నంబరు పోయింది. నాలుగుసార్లూ పది నిమిషాలు చూసి యంత్రం మూసుకునింది.

బావా, అక్క ఫోన్ నీ దగ్గర కదా ఉండేది. చార్జి నువ్వే పెడతానన్నావు. ఆ నంబర్లు నువ్వు చూడలేదా?

కమిటీ అది అడగదు. అడిగేది నేను.

మహేంద్ర

*

తిరుత్తణి,
27 జూలై

మహేంద్రా,

చూసినాను.

మొదటిసారి నవంబరు 2. కలైవాణి ఫోన్ చేసి, "సార్, అక్క ఫోన్‌కు ఆరు అంకెలు వస్తాయి, చెప్పండి, పేరు తీసేస్తా" అనింది. మెసేజి కింద "ఈ నంబరు ఎవరికీ చెప్పకండి" అని ఉంది. చెప్పలేదు. రాలేదన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని పీట మీద కూర్చున్నాను. పది నిమిషాలు గడిచినాయి. ఆమె పేరు నిలిచింది.

తర్వాత మూడుసార్లూ అంతే.

ఆపించమని నీకు రాసినాను. ఆపగలిగింది నేనొక్కడినే. నువ్వు కనుక్కోవాలనే రాసినానేమో.

ఇది చిన్న సంగతి. పెద్దది ఇంకొకటి ఉంది. వీధిలో కొండ మీది గుడికి మొక్కు కావళ్ళు పోతున్నాయి, మేళం మోగుతోంది. అది ఆగేలోపల రాసేస్తాను.

128/82 నిజమైన సంఖ్యే. పోయిన ఏడాది ఫిబ్రవరిలో కలైవాణి ఇంటికి వచ్చి, మిషను కట్టి తీసిన సంఖ్య. మార్చిలో ఆమెకు ఇంకో మూడు ఊళ్ళు అంటగట్టినారు. ఫోన్ చేసింది. "సార్, ఈ నెల రాలేకున్నా. అక్క ఎట్లుంది?" మీ అక్క రాట్నం దగ్గర ఉంది. అడిగినాను. "తలకాయ బరువుగా ఉండాది. ఎండకేమో" అనింది. నేను ఫోన్‌లో, "బాగుంది, పోయిన నెలదే రాసుకో" అన్నాను.

ఏప్రిల్‌లో ఆమె అడగకముందే అన్నాను. మే నెలలో నేనే ఫోన్ చేసి చెప్పినాను. ఏడు నెలలు. ఆ సంఖ్య కలైవాణిది కాదు. నాది.

నేను ముప్పై ఒక్క ఏండ్లు కాలేజీ ఫిజిక్స్ లాబ్‌లో పని చేసినానని నీకు తెలుసు. ఒకసారి ఒక పిల్లవాడు లోలకం వేలాడదీయకుండానే పది రీడింగులు రాసినాడు. అందరి ముందరా ఆ పేజీ చించినాను. "కొలవకుండా రాసినవాడు దొంగతనం చేసినవాడికన్నా కనాకష్టం" అన్నాను. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పినాను. మీ అక్క, "ఆ పిల్లోడు పొద్దున తినొచ్చినాడో లేదో" అనింది. అంతే అనింది.

సెప్టెంబరులో తలనొప్పి ఎక్కువైంది. డాక్టరు దగ్గరికి పోయినాము. ఆయన మిషను తీయలేదు. తెర మీద చూసినాడు. "ఏడు నెలలుగా చక్కగా ఉందమ్మా. అవే మాత్రలు" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూసినాను. ఒక మాట చాలు ఆ రోజు. "సార్, ఒకసారి కొలవండి" అంటే చాలు. డాక్టరు ఎదుట నా ఏడు అబద్ధాలు బయటపడతాయని నోరు రాలేదు.

బస్సులో ఆమె నవ్వింది. "అంతా బాగుందంట. ఐతే ఈ నొప్పి నా పొగరే" అనింది.

అక్టోబరు 14న రాట్నం మీదికే ఒరిగింది. ఆంబులెన్సులో తిరువళ్ళూరుకు తీసుకొస్తా ఉంటే, కనకమ్మ సత్రం కూడలిలో ఆమె చేతికి పట్టీ కట్టినారు. లోపలున్న మనిషి గట్టిగా చెప్పినాడు: 210/120. ఎనిమిది నెలల్లో ఆమెకు కొలిచిన మొదటి సంఖ్య అది. కొలిచిన కడపటిదీ అదే.

నువ్వు పదకొండో రోజు అడిగినప్పుడు "నెల నెలా చూసినారు" అన్నాను. అబద్ధం నాదే.

కమిటీ ముందర ఇదంతా చెప్తాను. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోతే అది న్యాయమే.

జయరామ

*

తిరువళ్ళూరు,
5 ఆగస్టు

జయరామ గారికి,

రెండోసారి చదవలేకపోయినాను.

ఆఫీసు మనిషిగా ఒక మాట. ఈ సంగతి చెప్పద్దు. "ఇంటివాళ్ళే తప్పుడు సంఖ్య ఇచ్చినారు, మా యంత్రం ఏం చేస్తుంది" అని కంపెనీవాళ్ళు చేతులు దులుపుకుంటారు. రెండేళ్ళు మేము పడిన శ్రమ మీ ఒక్క మాటతో పోతుంది. ఆ జాబితాలో ఇంకా అరవై ఒక్క ఇళ్ళున్నాయి. "ఆమె ఇంటికి రాలేదు." అది అబద్ధం కాదు. అంతవరకే చెప్పండి, కూర్చోండి.

తమ్ముడిగా చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

మహేంద్ర

*

తిరుత్తణి,
22 ఆగస్టు

మహేంద్రా,

మొన్న నువ్వు కమిటీ బల్ల దగ్గర కనబడతావనుకున్నాను. అక్కడ వేరే అతను రాసుకుంటున్నాడు. నువ్వు జనంలో, కడపటి వరుసలో ఉన్నావు. జాబితాలో మీ అక్క ఉందని పైవాళ్ళకు చెప్పి ఫైలు వదులుకున్నావని తర్వాత తెలిసింది. నాకు రాయలేదు.

నేను 210/120 అనేసరికి నువ్వు లేచి బయటికి పోయినావు. ఆ తర్వాత జరిగింది రాస్తాను.

నువ్వన్నట్టే అయింది. కంపెనీ మనిషి లేచి, "చూడండి, ఇంటివాళ్ళే ఒప్పుకుంటున్నారు" అన్నాడు. ముఖం వెలిగింది. హాలంతా నన్నే చూసింది.

సభ్యుల్లో ఒక పెద్దామె ఉంది. అంతసేపూ వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నట్టు వేళ్ళు కదుపుతా కూర్చునింది. ఆమె అడిగింది: "ఈయన ఫోన్‌లో చెప్తే మీ యంత్రం రాసుకునింది. చేతికి పట్టీ కట్టినారా లేదా అని అది అడగలేదు. కనకమ్మ సత్రంలో కూర్చుని తిరుత్తణి మనిషికి బీపీ ఎట్లా చూసినారని అడగలేదు. అట్లాంటప్పుడు దానికీ పది రూపాయల నోటుబుక్కుకూ తేడా ఏమయ్యా?"

ఆయన ఏదో సర్వర్ అన్నాడు.

"చచ్చిపోయినామని చచ్చిపోయినోళ్ళే వచ్చి నంబరు చెప్పాలా?" అని ఆమె మళ్ళీ అడిగింది. వెనక ఎవరో నవ్వి, మధ్యలో ఆపేసినారు.

జిల్లాలో ఇంటికి పోకుండా ఎక్కిన సంఖ్యలెన్ని, పాతవి మోసుకొచ్చినవెన్ని, చనిపోయినవాళ్ళ పేర్ల మీద ఇచ్చిందెంత, అంతా నెలలోపల తెమ్మని అధ్యక్షుడు చెప్పినాడు. నీ శ్రమ పోలేదు.

తర్వాత ఆయన నా వైపు తిరిగినాడు. మర్యాదగానే అన్నాడు. "అయ్యా, మీరు చేసినదాని గురించి ఈ కమిటీ చెప్పేదేమీ లేదు. మా పని ఖర్చు చూడడం." నేను కూర్చున్నాను. తిడతారనుకుని వచ్చినాను. తిట్టి ఉంటే బాగుండు.

బయట మెట్ల మీద కలైవాణి కాచుకుని ఉంది.

"సార్, మొత్తం మీ మీదే వేసుకున్నారే."

"సంఖ్య చెప్పినవాడిదే కదా తప్పు."

"అడిగినదానిదీ ఉండాది సార్" అనింది. బస్సు వరకు ఇద్దరం నడిచినాము. ఆమె ఉద్యోగం ఇప్పటికైతే తీయలేదు. మెమో ఇచ్చినారు.

ఐదోసారి బొత్తాం నొక్కమని నేనే అడిగినాను. ఈ సోమవారం నొక్కుతానంటే మళ్ళీ వద్దన్నాను. నంబరు వస్తే చదవగలనని నాకు నమ్మకం లేదు. నోరు తెరుస్తాను, రాదు. నాకు తెలుసు.

నువ్వు వచ్చి చదువుతావా?

జయరామ

*

తిరువళ్ళూరు,
27 ఆగస్టు

బావా,

ఆదివారం పొద్దున వస్తా. కలైవాణిని పదికి రమ్మను. అక్క ఫోన్ చార్జి పెట్టి ఉంచు.

నిన్ను క్షమించినానని రాయలేను. ఆ పదకొండో రోజు నేను నిన్ను అడిగినాను గానీ, అంతకుముందు ఏడు నెలలు నేనూ తిరుత్తణి రాలేదు. బండిలో గంటన్నర. అక్క ఫోన్ చేస్తే "కమిటీ ఉంది, తర్వాత మాట్లాడతా" అన్నాను. ఎన్నిసార్లో నేను ఏ వరుసలోనూ టైపు చేయలేదు.

బీపీ మిషను ఒకటి కొన్నాను. తెస్తా. అన్నం వండు. మజ్జిగలో ఉప్పు నేను వేస్తా.

మహేంద్ర

*

తిరుత్తణి,
6 సెప్టెంబరు

మహేంద్రా,

ఇప్పుడు ఫోన్ చేయచ్చన్నావు. ఇది మాత్రం ఉత్తరంలోనే రాస్తాను.

ఆదివారం నువ్వు ఆ ఆరు అంకెలు తెలుగులో చదివినావు. ఒక్కో అంకె దగ్గర ఆగి, సుద్దముక్కతో దిద్దుతున్నట్టు. కలైవాణికి నాలుగో అంకె అర్థం కాక మళ్ళీ అడిగింది. ఆ ఒక్క క్షణం నేను ఫోన్ లాక్కుందామనుకున్నాను. నువ్వు చూసినావేమో. చూసి ఉంటే, చూడనట్టు మళ్ళీ చదివినందుకు దండం.

నిన్న ఐదో తేదీ. పదిన్నర నుంచి వంటింట్లో ఉన్నాను. పదకొండు అయింది. మూత తట్టలేదు. పదకొండుంపావు అయింది. పక్కింటి మరమగ్గాలు ఆడుతున్నాయి. అవి ఇన్నాళ్ళూ ఆడుతున్నాయని నాకు అప్పుడే తెలిసినట్టుంది. పన్నెండు దాకా నిలబడినాను. తర్వాత ఆ డబ్బా మూత తీసినాను. అక్టోబరు తర్వాత తీయలేదు, బియ్యం విడిగా సంచిలో తెచ్చుకుని వండుకుంటున్నాను. అడుగున మీ అక్క పోసిన బియ్యం రెండు శేర్లు ఉన్నాయి. పురుగు పట్టింది. చేటలో పోసి ఎండకు పెట్టినాను.

ఆ తర్వాత నువ్వు తెచ్చిన మిషను కట్టుకున్నాను. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, మూడుసార్లు తీసి, సగటు చూసినాను. లాబ్‌లో పద్ధతి అదే. అటక మీద నుంచి పాత అబ్జర్వేషన్ నోటుబుక్కు దింపి, తేదీ వేసి రాసినాను.

164/98. అదుపులో లేదు. సోమవారం డాక్టరు దగ్గరికి పోతున్నాను. తెర చూసి పంపిస్తే లేవను. కొలవమంటాను.

ఈ సంఖ్య కొలిచి రాసినది.

నీ బావ